సబ్‌మెరైనర్ డయల్‌కు ప్రతిపద వ్యాఖ్యానం

మూలం

రోలెక్స్ – ఆయిస్టర్ పెర్పెచ్యువల్ డేట్ – సబ్‌మెరైనర్ – 1000 అడుగులు = 300 మీటర్లు – సూపర్లేటివ్ క్రోనోమీటర్ – అఫిషియల్లీ సర్టిఫైడ్ – స్విస్ మేడ్.

అవతారిక

రోలెక్స్ సబ్‌మెరైనర్ డేట్ వాచీ నల్ల డయల్ మీద ఉండే రాత ఇంతే. 2005లో కొన్న వాచీ మీదా, ఇవాళ షోరూం నుంచి వచ్చిన వాచీ మీదా ఇవే మాటలు, ఇదే వరుసలో కనిపిస్తాయి. వాటి వెనకున్న లోహం, మర, చైను మాత్రం మారుతూ వచ్చాయి. నల్ల బెజెల్ ఉన్న ఉక్కు వాచీనే లెక్కలోకి తీసుకుంటే ఇటీవలి కాలంలో మూడు తరాలున్నాయి. 1980ల చివరి నుంచి 2010 దాకా వచ్చిన 16610 పాత తరం. 2010లో మొదలై 2020 దాకా సాగిన 116610 నడిమి తరం. 2020 సెప్టెంబరులో వచ్చిన 126610 కొత్త తరం.

ఈ మూడింటిలో రోజూ పెట్టుకోవడానికి ఏది మేలన్నదే ఇక్కడి ప్రశ్న. దాచుకోవడానికో, ధర పెరిగాక అమ్ముకోవడానికో కొనేవారి లెక్క వేరు. పొద్దున చేతికి పెట్టుకుని, బండి నడిపి, ఆఫీసులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఎండలో చెమటోడ్చి, రాత్రి తీసి బల్ల మీద పెట్టేవారి కోసం ఈ వ్యాఖ్యానం. డయల్ మీది ఒక్కో మాట ఇచ్చే హామీని ఒక్కో తరం ఎలా నిలబెట్టుకుందో చూద్దాం.

రోలెక్స్

హాన్స్ విల్స్‌డార్ఫ్ 1905లో లండన్‌లో వ్యాపారం మొదలుపెట్టి, 1908లో ఈ పేరును నమోదు చేయించాడు. పేరు గొప్పదే కాని, కొనేవాడికి అదొక్కటే ఏ రుజువూ కాదు. ప్రపంచంలో ఎక్కువగా నకళ్లు వచ్చే వాచీ పేర్లలో ఇదొకటి.

పాత తరంలో మోడల్ నంబరు 12 గంటల వైపు, సీరియల్ నంబరు 6 గంటల వైపు, కేసు కొమ్ముల మధ్య చెక్కి ఉంటాయి. చైను విప్పితే తప్ప కనిపించవు. కొనేముందు విప్పి చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. 2000ల మధ్య నుంచి అద్దం కింది లోపలి అంచు చుట్టూ రోలెక్స్ పేరును వరుసగా చెక్కి, సీరియల్ నంబరును కూడా అక్కడికే తెచ్చారు. దాంతో నంబరు బయటి నుంచే చదవొచ్చు. పాత సీరియల్ నంబరు మొదటి అక్షరాన్ని బట్టి వాచీ ఏ ఏటిదో సుమారుగా చెప్పవచ్చు. 2010 నుంచి నంబర్లకు వరుస లేకుండా చేశారు కాబట్టి ఆ తర్వాతి వాచీ వయసుకు గ్యారంటీ కార్డే ఆధారం. నడిమి తరం వాచీని కార్డు లేకుండా కొంటే దాని వయసు నమ్మకంగా చెప్పగలవారు దొరకడం కష్టం.

ఆయిస్టర్

1926లో వచ్చిన, నీరు చొరబడని కేసు పేరిది. వెనక మూత, కీ ఇచ్చే మర, రెండూ మరచుట్ల మీద బిగుసుకోవడమే దాని కిటుకు. 1927లో మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఇంగ్లిష్ ఛానల్ ఈదుతూ ఈ వాచీని తన వెంట ఉంచుకుంది. గంటల తరబడి చన్నీళ్లలో నానినా అది నడిచిన సంగతిని కంపెనీ పత్రికల్లో ప్రకటనగా వేయించింది.

మూడు తరాల్లోనూ ఈ సూత్రం ఒకటే. తేడా కేసు రూపంలో ఉంది. పాత తరం 40 మిల్లీమీటర్లు, కొమ్ములు సన్నం, చైను చివరికి పోనుపోను ఇరుకు. చొక్కా కఫ్ కింద ఇట్టే ఇమిడిపోతుంది. నడిమి తరమూ కాగితం మీద 40 మిల్లీమీటర్లే. అయినా కొమ్ములను బాగా వెడల్పు చేయడంతో చేతి మీద చదరంగా, బరువుగా కనిపిస్తుంది. కొత్త తరం కొలత 41కి పెరిగింది, కొమ్ములు మళ్లీ సన్నబడ్డాయి, చైను 20 నుంచి 21 మిల్లీమీటర్లకు వెడల్పయింది. అందువల్ల అంకె పెద్దదైనా చేతికి నడిమి తరం కంటే కుదురుగా కూర్చుంటుంది. వాచీని కొలతల పట్టిక చూసి ఎంచుకోకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

పాత వాచీ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. గీతలు పోవాలని పదేపదే పాలిష్ పట్టించిన వాచీల కొమ్ములు అరిగిపోయి, అంచులు గుండ్రబడతాయి. నాలుగు కొమ్ములూ ఒకే మందంలో ఉన్నాయా, అంచులు వాడిగా ఉన్నాయా అని చూడండి. అరిగిన ఉక్కు మళ్లీ రాదు. చిన్న చిన్న గీతలున్నా పాలిష్ పడని వాచీయే మేలు.

పెర్పెచ్యువల్

చేతి కదలికకు లోపలి అర్ధచంద్రాకారపు బరువు తిరిగి స్ప్రింగును చుట్టే ఏర్పాటు 1931 నాటిది. పాత, నడిమి తరాలు రెండింటిలోనూ ఉన్నది 1988లో వచ్చిన 3135 అనే మర. మూడు దశాబ్దాలు నడిచిన మర కనుక దాని గుణదోషాలు అనుభవమున్న ప్రతి రిపేరువాడికీ తెలుసు. పూర్తిగా చుట్టుకుంటే సుమారు 48 గంటలు నడుస్తుంది. నూనె ఎండిపోయినా పట్టించుకోకుండా ఏళ్ల తరబడి వాడితే, బరువు తిరిగే ఇరుసు అరుగుతుంది. దీన్ని మరలో లోపమనడం కంటే సర్వీసు చేయించకపోవడం వల్ల వచ్చిన నష్టమనడమే సబబు.

కొత్త తరంలోది 3235. దీన్ని 2015లో ముందు వేరే మోడళ్లలో తెచ్చారు. బరువు బాల్ బేరింగ్ మీద తిరుగుతుంది. స్ప్రింగు ఉండే డబ్బీ గోడలను పలచన చేసి పొడవైన స్ప్రింగుకు చోటు చేశారు. శక్తిని కొలతగా వదిలే ఎస్కేప్‌మెంట్‌ను తక్కువ వృథా అయ్యేలా తిరిగి రూపొందించారు. ఈ రెండింటి ఫలితంగా అది సుమారు 70 గంటలు నడుస్తుంది.

ఇక అయస్కాంతం సంగతి. ఫోన్ స్పీకరు, ల్యాప్‌టాప్ మూత, పర్సు బొత్తాం, వీటన్నిటిలో అయస్కాంతాలున్నాయి. నడిమి తరం నుంచి వాడిన నీలం హెయిర్‌స్ప్రింగ్ నయోబియం, జిర్కోనియం కలిసిన మిశ్రలోహం. దానికి అయస్కాంతం అంటదు. పాత తరం వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడితే ముందు అనుమానించాల్సింది అయస్కాంతాన్నే. రిపేరు షాపులో క్షణాల్లో దాన్ని తొలగిస్తారు, భయపడాల్సింది లేదు.

డేట్

తేదీ గడి చిన్న విషయంలా కనిపిస్తుంది కాని, రోజువారీ వాడకంలో తరాల తేడా బాగా తెలిసేది ఇక్కడే. శుక్రవారం సాయంత్రం ఏడింటికి వాచీ తీసి పెట్టారనుకోండి. 48 గంటల మర ఆదివారం రాత్రికి ఆగిపోతుంది. సోమవారం పొద్దున కీ ఇచ్చి, టైమూ తేదీ సరిచేసుకుని బయల్దేరాలి. 70 గంటల మర సోమవారం పొద్దున కూడా నడుస్తూనే ఉంటుంది. సెలవు రోజుల్లో వాచీ తీసేసే అలవాటున్నవారికి, రెండు మూడు వాచీలు మార్చి మార్చి పెట్టుకునేవారికి ఇది నిజమైన సౌకర్యం. ఏడు రోజులూ అదే వాచీ చేతికుండేవారికి ఈ 22 గంటల తేడా ఒక్కసారి కూడా పనికి రాదు. మీరు ఈ ఇద్దరిలో ఎవరో తెలుసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

సబ్‌మెరైనర్

1953లో నీటి అడుగున పనిచేసేవారి కోసం వచ్చిన వాచీ ఇది. ఈ మాట కిందికి మూడు అంగాలు వస్తాయి. అవి బెజెల్, వెలుగు, చైను.

బెజెల్ అంటే అద్దం చుట్టూ తిరిగే వలయం. ఒకవైపే తిరిగి, నీళ్లలో ఎంతసేపు గడిచిందో చూపిస్తుంది. ఇవాళ దాంతో అన్నం ఉడికే సమయం నుంచి పార్కింగ్ సమయం దాకా కొలుచుకోవచ్చు. పాత తరంలో దాని మీది అంకెల పట్టీ అల్యూమినియం. తలుపుకో గోడకో తగిలితే గీత పడుతుంది, ఏళ్ల ఎండకు నలుపు వెలిసి బూడిద రంగుకు తిరుగుతుంది. నడిమి తరం నుంచి సెరామిక్. దాని మీద మామూలుగా గీత పడదు, రంగు వెలవదు. కాని గచ్చు మీద పడి గట్టి దెబ్బ తగిలితే పగిలే గుణం దానిది. అల్యూమినియం పట్టీని తక్కువ ఖర్చులో, కొద్ది నిమిషాల్లో మార్చేయవచ్చు. సెరామిక్ పట్టీ పగిలితే ఖర్చు చాలా ఎక్కువ. ఒకటి కొద్దికొద్దిగా పాతబడుతుంది, రెండోది ఏళ్ల తరబడి కొత్తగా ఉండి ఒక్క దెబ్బకు పోతుంది. వాచీ మీద వాడకపు గుర్తులు పడితే మనసు చివుక్కుమనేవారు సెరామిక్ తీసుకోవాలి. వాటిని మామూలుగా తీసుకోగలవారికి అల్యూమినియమే హాయి.

వెలుగు అంటే చీకట్లో ముళ్లు, గుర్తులు కనిపించడం. ఈ సంగతి చివరి మాట దగ్గర వస్తుంది.

ఇక చైను. మూడు తరాల మధ్య అన్నిటికంటే విలువైన మెరుగుదల ఏదంటే నా జవాబు బెజెలూ కాదు, మరా కాదు, చైను లాక్. పాత తరం లాక్ రేకును అచ్చు వేసి మలిచినది. పలచన, చప్పుడు చేస్తుంది. కొలత మార్చాలంటే సూది లాంటి పనిముట్టుతో పిన్నును ఒక రంధ్రం నుంచి మరో రంధ్రానికి జరపాలి. 2000 ప్రాంతానికి ముందు కేసుకు ఆనుకునే చివరి కడియాలు కూడా బోలుగా ఉండేవి. నడిమి తరం నుంచి లాక్ గట్టి ఉక్కుతో వచ్చింది. దాని లోపలి పళ్ల మీద చైనును రెండేసి మిల్లీమీటర్ల చొప్పున, మొత్తం 20 మిల్లీమీటర్ల దాకా, పనిముట్టు లేకుండా వేళ్లతోనే జరుపుకోవచ్చు. డైవింగ్ సూటు మీద పెట్టుకోవడానికి చేసిన ఏర్పాటిది. మనకు వేసవికి పనికొస్తుంది. విజయవాడ మే నెల ఎండలో మధ్యాహ్నానికి మణికట్టు ఉబ్బుతుంది, ఏసీ గదిలోకి రాగానే సన్నబడుతుంది. రోజులో రెండుసార్లు బిగువు మార్చుకోగలగడం ఎంత సుఖమో ఉక్క తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

పాత చైనుకూ ఒక సుగుణం ఉంది. అది తేలిక. రోజంతా కీబోర్డు మీద చెయ్యి పెట్టి పనిచేసేవారికి ఆ పలచని లాక్ బల్లకు ఒత్తుకోదు.

1000 అడుగులు = 300 మీటర్లు

కొత్త వాచీని కంపెనీ ఈ లోతు ఒత్తిడికి మరో 25 శాతం కలిపి పరీక్షిస్తుంది. అంటే 375 మీటర్ల లోతుతో సమానమైన ఒత్తిడి. కొత్త వాచీకి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. ఇరవై ఏళ్ల వాచీ మీద ఈ అంకె ఒకప్పటి పరీక్ష ఫలితం మాత్రమే. నీటిని ఆపేవి రబ్బరు వాషర్లు. అవి చెమటకు, సబ్బుకు, వేడికి ఎండి బిరుసెక్కుతాయి. పాత తరం వాచీ కొన్న రోజే వాషర్లు మార్పించి, ఒత్తిడి పరీక్ష చేయించేదాకా కుళాయి కింద కూడా పెట్టవద్దు. అది అయ్యాక ఈతకూ వానకూ వెనకాడనక్కర్లేదు. కీ మర పూర్తిగా బిగించి ఉండటం మాత్రం మూడు తరాలకూ తప్పని నియమం. సముద్ర స్నానం చేసినా, బాగా చెమట పట్టినా రాత్రి మంచినీళ్లతో కడిగి తుడవాలి. ఉప్పు చైను కడియాల సందుల్లో చేరి లోహాన్ని అరగదీస్తుంది.

సూపర్లేటివ్ క్రోనోమీటర్ – అఫిషియల్లీ సర్టిఫైడ్

ఈ రెండు పంక్తులు ఒకే వాక్యం. స్విట్జర్లాండ్‌లోని కాస్క్ అనే సంస్థ మరను విడిగా 15 రోజులు, అయిదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో పరీక్షిస్తుంది. సగటున రోజుకు నాలుగు సెకన్లు వెనకకు, ఆరు సెకన్లు ముందుకు మించకూడదు. పాత తరం మరలు నెగ్గిన పరీక్ష ఇదే. 2015 నుంచి రోలెక్స్, మరను కేసులో బిగించాక తానే మళ్లీ పరీక్షించి, రోజుకు రెండు సెకన్లు అటూ ఇటూ మించని గురిని పాటిస్తోంది. అదే ఏడు గ్యారంటీని అయిదేళ్లకు పెంచింది. కాబట్టి నడిమి తరంలో 2015కు ముందువి, తర్వాతివి ఒకే మోడల్ నంబరుతో ఉన్నా హామీలో ఒకటి కావు.

మంచి చేతిలో సర్వీసైన పాత 3135 కూడా రోజుకు రెండు మూడు సెకన్ల తేడాతో నడవగలదు. సర్వీసు కాగితం లేని వాచీకి మాత్రం వెంటనే చేయించాల్సిన సర్వీసు ఖర్చును ధరలో కలిపి చూసుకోవాలి. 2022 డిసెంబరు నుంచి రోలెక్స్ కొందరు అధీకృత డీలర్ల ద్వారా, తాను పరీక్షించిన పాత వాచీలను రెండేళ్ల గ్యారంటీతో అమ్మిస్తోంది. వాచీలను చూసి పోల్చుకోలేనివారికి పాత తరానికి అది భద్రమైన దారి.

స్విస్ మేడ్

డయల్ అడుగున ఆరు గంటల గుర్తు కింద కంటికి ఆనని అక్షరాలివి. పాత తరం వాచీ వయసును ఇవే చెబుతాయి. ఆ మాట పక్కన టీ అనే అక్షరం, 25 అంకె ఉంటే చీకటి వెలుగు ట్రిటియంతో చేసినది, 1998కి ముందుది. ట్రిటియం శక్తి సుమారు 12.3 ఏళ్లకోసారి సగమవుతుంది, పైగా దాని వెలుగుకు తోడ్పడే పదార్థమూ క్షీణిస్తుంది. ఆ వాచీలు ఇవాళ చీకట్లో దాదాపు గుడ్డివే. 1998–99లో ‘స్విస్’ అని మాత్రమే ఉన్నవి లూమినోవా వాడినవి. ఆ తర్వాత ‘స్విస్ మేడ్’ అని ఉండి పచ్చగా వెలిగేవి సూపర్ లూమినోవా. నడిమి తరం నుంచి వెలుగు నీలం. కొత్త తరంలో ఈ రెండు మాటల మధ్య చిన్న కిరీటం గుర్తు చేరింది. కొత్త, నడిమి తరాలను దూరం నుంచి పోల్చుకోలేకపోతే ఆ గుర్తు చూడండి.

సర్వీసుకు ఇచ్చినప్పుడు పాత డయల్, ముళ్లు మార్చేస్తారేమో ముందే అడిగి రాయించుకోవాలి. అవి మారితే వాచీ సేకరణ విలువ తగ్గుతుంది.

తాత్పర్యం

ఉన్నది ఒకే వాచీ, పదేళ్లకోసారి తప్ప రిపేరు షాపు గడప తొక్కే ఓపిక లేదనేవారికి కొత్త తరమే సరి. లాక్ రోజూ అనుభవంలోకి వస్తుంది. సెలవుల్లో వాచీ తీసి పెడితే 70 గంటల మర, ఏదైనా తేడా వస్తే అయిదేళ్ల గ్యారంటీ ఆదుకుంటాయి. సన్నని మణికట్టు ఉండి, వాచీ చేతిలో ఉన్నట్టే తెలియకూడదనుకునేవారు, నమ్మకమైన రిపేరువాడు అందుబాటులో ఉన్నవారు 2000 తర్వాతి 16610 తీసుకోవాలి. అప్పటికి చివరి కడియాలు గట్టిపడ్డాయి, వెలుగు బాగుపడింది, మర ఏ మూలన ఎలా పనిచేస్తుందో అందరికీ తెలిసింది. నడిమి తరం వెడల్పాటి మణికట్టు వారికి నప్పుతుంది. పాత మర నమ్మకాన్ని, కొత్త లాక్ సుఖాన్ని కలిపి ఇచ్చేది అదొక్కటే. ట్రిటియం వాచీలు అందమైనవే, కాని రాత్రి టైము చూడలేని వాచీని రోజువారీకి ఎంచుకోమని చెప్పలేను.

ఏది కొన్నా పెట్టుకోండి. బ్యాంకు లాకరులో ఉన్న వాచీలో నూనె ఎండడం, వాషర్లు బిరుసెక్కడం ఆగవు. డబ్బు పోసి కొన్న సుఖం మాత్రం మీకు దక్కదు.