సహజీవనము చేసినవారి ఉమ్మడి గృహము: విభాగ విధానము

వివాహము లేకయే యొక్క యింట కాపురముండి, ఇరువురి పేరనో యొకరి పేరనో గృహమును సంపాదించి, పిమ్మట విడిపోయిన స్త్రీపురుషుల నడుమ ఆ యింటిని గూర్చి పుట్టెడు తగవునకు విడాకుల శాసనములు గాని, హిందూ కుటుంబ విభాగ నియమములు గాని వర్తింపవు. ముఖ్యముగా వర్తించునవి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమును, 1893 నాటి విభజన చట్టమును. కావున న్యాయస్థానము దస్తావేజును, చెల్లించిన సొమ్మును మాత్రమే చూచును.

ఆస్తి బదిలీ చట్టము 45వ సెక్షను ననుసరించి, ఇరువురు తమ తమ సొమ్ముతో కొనిన యిల్లు, వేరు ఒడంబడిక లేనిచో, పెట్టిన సొమ్ము నిష్పత్తినే వారికి చెందును. పది లక్షల యింటికి ఒకరు ఆరు, వేరొకరు నాలుగు లక్షలు ఇచ్చినట్లు బ్యాంకు పుస్తకములు చెప్పినచో వాటాలును అట్లే యగును. ఎవరెంత పెట్టిరో రుజువు లేనప్పుడు సమభాగములని భావింపబడును. నగదిచ్చి రశీదు పుచ్చుకొనని పేదవారికి ఈ సమభాగ న్యాయమే దిక్కు. ఏండ్ల తరబడి వండి వార్చి, గోడలకు తానే సున్నము వేసి, కూలి డబ్బు ఇంటి ఖర్చునకు ధారపోసిన స్త్రీ శ్రమ మాత్రము ఈ లెక్కలోనికి రాదు. ఇది మన శాసనమందలి పెద్ద లోపము. ఇందుకు భిన్నముగా ఇంగ్లండులో 2011లో జోన్స్–కెర్నాట్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఇరువురి పేర నున్న యింటిని వారి దీర్ఘకాల నడవడిని పరిశీలించి తొమ్మిది పాళ్లు స్త్రీకిని, ఒక పాలు పురుషునకును పంచినది.

సొమ్ము ఒకరిది, పేరు వేరొకరిది యైనచో చిక్కు మరింత గాఢము. 2016లో సవరింపబడిన బేనామీ చట్టము, వెల్లడియైన ఆదాయముతో భార్య పేరనో భర్త పేరనో బిడ్డల పేరనో కొనుటను మినహాయించినది గాని, సహజీవనిని ఆ జాబితాలో చేర్చలేదు. అట్టి యింటిని తనదని కోరు దావాకు ఆ చట్టమే యడ్డుపడును.

ఇక పల్లెల సంగతికి, ఆంధ్రప్రదేశమున అనకాపల్లి జిల్లాలోని దేవరాపల్లి మండలము వంటి సీమలను చూడుడు. ఇట్టి పల్లెలలో గ్రామకంఠమందలి పాత యిండ్లకు రిజిస్టరైన దస్తావేజు ఉండకపోవుట సాధారణము. పంచాయతీ యింటిపన్ను రశీదే చేతనుండును, అది యొక్కటియే హక్కునకు నిదర్శనము గాదు. 2020 డిసెంబరు 25 మొదలు రాష్ట్రప్రభుత్వము పంచిన యింటిస్థలముల పట్టాలు స్త్రీల పేరనే యున్నవి. స్లాబుకు, తలుపులకు సొమ్ము పెట్టిన పురుషుడు విడిపోయినప్పుడు బిల్లులు పట్టుకొని తిరిగినను, పట్టా షరతులను దాటి వాటా పొందుట కష్టము.

తగవు మొదట పెద్దమనుషుల యెదుటికే వచ్చును. ఒకరు వెల కట్టి రెండవవారి పాలు కొనుటయో, ఇల్లు అమ్మి సొమ్ము పంచుకొనుటయో నిశ్చయింపవచ్చును. కాని తెల్లకాగితముపై వ్రాసిన రాజీతో హక్కు మారదు. వాటాను వదలుకొను విడుదల దస్తావేజు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున రిజిస్టరు కావలయును; కుటుంబ సభ్యుల కిచ్చు స్టాంపు రాయితీ వీరికి దొరకదు. ఇంటిపై బ్యాంకు ఋణమున్నచో, విడిపోయినంత మాత్రమున నెవరి బాధ్యతయు తీరదు.

రాజీ కుదరనిచో ఆస్తి యున్న ప్రాంతపు సివిలు కోర్టున విభాగ దావా వేయవలయును. ప్రాథమిక డిక్రీ వాటాలను నిర్ణయించును. న్యాయస్థానము నియమించిన కమీషనరు టేపుతో కొలిచి, రెండు గదులకు ఒకే వాకిలి, ఒకే నూయి యున్న యిల్లు చీల్చ శక్యము గాదని నివేదించునెడల, సగమునకు తక్కువగాని వాటా గలవాడు అమ్మకము కోరవచ్చును, రెండవవాడు న్యాయస్థానము కట్టిన వెలకు ఆ వాటాను తానే కొనవచ్చును. లోక్ అదాలతులో కుదిరిన రాజీకి డిక్రీతో సమానమైన బలముండి, దానిపై అప్పీలుండదు.

2005 నాటి గృహహింస చట్టము, వివాహ సదృశమైన సంబంధమున నున్న స్త్రీకి ఇంట వసించు హక్కును రక్షించును. అది యెట్టి సంబంధమో మన సుప్రీంకోర్టు ఇచ్చిన 2010లో వేలుసామి తీర్పు, 2013లో ఇంద్రశర్మ తీర్పు వివరించినవి. పురుషుడు వివాహితుడని యెరిగియు కలిసియున్న స్త్రీకి రెండవ తీర్పు ఈ రక్షణ నీయలేదు. ఈ హక్కు వలన ఆమెను వెళ్లగొట్టుట ఆగును గాని, యింటిలో వాటా రాదు. వాటాకై యామె వేరుగా దావా వేయవలసినదే.