డిజిటల్ విద్యుత్ బట్టీ: లోపాల నిర్ధారణ

మట్టి పాత్రలు, పింగాణీ కాల్చే విద్యుత్ బట్టీలో వేడిని కొలిచేది థర్మోకపుల్, దాన్నిబట్టి ఆజ్ఞ ఇచ్చేది కంట్రోలర్, కరెంటు కలిపి తెంచేది రిలే, వేడినిచ్చేది కాయిల్. బట్టీ మొరాయిస్తే చాలామంది ముందు కంట్రోలర్‌నే అనుమానిస్తారు. నిజానికి త్వరగా పాడయ్యేవి మిగతా మూడే.

కావలసిన ఉష్ణోగ్రత అందుకోవడానికి మామూలు కంటే ఎక్కువ సేపు పడుతుంటే కాయిళ్లను చూడాలి. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన ఈ తీగకు వాడేకొద్దీ నిరోధం పెరుగుతుంది. 230 వోల్టులపై 20 ఓమ్‌ల కాయిల్ 2,645 వాట్లు ఇస్తుంది. నిరోధం 23 ఓమ్‌లకు చేరితే ఇచ్చేది 2,300 వాట్లే. సరఫరా ఆపి, బట్టీ చల్లారాక మల్టీమీటరు పెడితే ఈ తేడా బయటపడుతుంది. టెర్మినల్ దగ్గర వైరు తొడుగు నల్లబడి పెళుసెక్కిందంటే అక్కడ బిగింపు వదులైందని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు.

కె రకం థర్మోకపుల్ పుట్టించేది డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 41 మైక్రోవోల్టులే. అందుకే తుప్పు పట్టిన స్క్రూ కూడా కొలతను చెడగొట్టగలదు. దాని రెండు తీగలు తారుమారైతే బట్టీ వేడెక్కుతున్నకొద్దీ తెరపై అంకె తగ్గుతూ పోతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది రిలే కాంటాక్టులు అతుక్కుపోవడం. కంట్రోలర్ ఆపమన్నా కరెంటు ఆగదు. లోపలి పాత్రలు కరిగి బట్టీ గోడలు కూడా దెబ్బతినవచ్చు. తెర ఆరిపోయినంత మాత్రాన కాయిల్‌లో కరెంటు లేదనుకోకూడదు. కంట్రోల్ పెట్టె విప్పే ముందు మెయిన్ స్విచ్ కట్టేసి, వోల్టేజి లేదని మీటరుతో రూఢి చేసుకోవాలి.