బ్లాక్‌బర్న్ పంచెయు, బ్లాక్‌బర్న్ బంతియు

2011వ సంవత్సరమున తెలంగాణమంతట సకలజనుల సమ్మె జరిగెను. సెప్టెంబరు 13వ తేదీన మొదలైన ఆ సమ్మెలో ఉపాధ్యాయులమగు మేమును చేరితిమి. బడులు మూతపడెను, బస్సులు నిలిచిపోయెను. అట్టి దినములలో మా విద్యార్థి యొకడు, నల్లగొండ జిల్లా పోచంపల్లి ప్రాంతపు నేతగాని కొడుకు, పుణె నగరమందున్న మేనమామ యింటికి రైలెక్కి పోయెను. ఆ యేడు విజయదశమి అక్టోబరు 6వ తేదీన వచ్చినది. మరునాడు మేనమామ వానిని బాలేవాడి క్రీడాప్రాంగణమునకు తీసికొనిపోయి, ఇంగ్లండునుండి వచ్చిన బ్లాక్‌బర్న్ రోవర్సు అను ఫుట్‌బాలు జట్టు ఆడుచుండగా చూపించెను. బడి తెరచిన పిమ్మట వాడు సగము నీలము, సగము తెలుపునైన చొక్కాయి తొడిగికొని తరగతికి వచ్చెను. బడిదుస్తుల నియమమును మీరినందులకు మందలింపవలసిన మేము, వాని ముఖమునందలి సంతోషమును జూచి ఊరకుంటిమి.

పుణె జట్టుపై బ్లాక్‌బర్న్ జట్టు 3–0 గోలులతో గెలిచినది. టెలివిజనులో వ్రేలెడంతగా చూచిన ఆటగాండ్రను నిలువెత్తున చూచితినని వాడు మూడుదినములు చెప్పిన మాటయే చెప్పెను. నాలుగవనాడు మాత్రము ఒక ప్రశ్న వేసెను: "సార్, ఆ టీం మనోళ్లదేనట గద! మరి ఆ ఊరోళ్లు అది తమదే అనుకుంటున్నరా?"

ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్ప మాకు చేతగాలేదు. సంస్కృతము చదివినవారమగుటచే మాకు బంతియాట యనిన దండికవి దశకుమారచరితమందలి కందుకావతి జ్ఞప్తికి వచ్చును. కందుకోత్సవమునాడు ఆ రాజపుత్రి యాడగా పురజనులు చూచి యానందించిరి. ఆ బంతి యెవరిదను సందేహము అచట నెవ్వరికిని గలుగలేదు. మా శిష్యునికి గలిగిన సందేహము యంత్రయుగమునకు జెందినది. దాని మూలమును వెదకబోయిన బంతికంటె ముందుగా బట్ట యెదురుపడుచున్నది.

బ్లాక్‌బర్న్ ఇంగ్లండున లాంకషైరు సీమలోని నేతపట్టణము. పెక్కు నూలుపోగుల నొక్కసారిగా వడకు జెన్నీ యంత్రమును 1764వ సంవత్సర ప్రాంతమున కల్పించిన జేమ్సు హార్‌గ్రీవ్సు ఆ పట్టణమునకు చేరువనున్న పల్లెలోని నేతగాడే. తమ కూడు పోవునని వెరచిన ఇరుగుపొరుగువారు వాని యంత్రములను విరుగగొట్టిరి. (నల్లగొండసీమలోని ఆలేరు వైపు చింతకింది మల్లేశము, ఆసుపోయుటచే తన తల్లి భుజములకు గలుగుచున్న నొప్పిని జూడజాలక, 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచి దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టెను. ఆ యంత్రము నెవరును విరుగగొట్టలేదు. 2017లో పద్మశ్రీ వచ్చినది.) జెన్నీకి పిమ్మట ఆవిరిమగ్గములు వచ్చెను. పందొమ్మిదవ శతాబ్ది కడపటికి బ్లాక్‌బర్న్ మిల్లులకు ముఖ్యమైన సరకు మనవారు కట్టుకొను పంచెయే. పంచె యెన్నడును కట్టని యూరివారు దాని పొడవును, అంచును, మనవారి యభిరుచిని తెలిసికొని నేసి యోడల కెక్కించిరి. 1913 ప్రాంతమున బ్రిటనునుండి హిందూదేశమునకు వచ్చిన మిల్లుబట్ట యేటికి సుమారు 300 కోట్ల గజములు.

ఆ బట్ట మన నేతగాండ్రను ఏమిచేసెనో చదువరులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట యను నేతయూళ్లు తమ ప్రత్యేకమైన పనితనముచే నిలిచినవి. నూలును ముడులుగట్టి రంగులద్దుటయు, నూలుచీరెకు పట్టుకొంగును అతుకుటయు మరమగ్గమునకు సులువుగా పట్టుబడు విద్యలు గావు. సాదాపంచె నేయువానికి అట్టి యండ లేదు. నల్లగొండ, మహబూబునగరముల నుండి నేతకుటుంబములు మూటముల్లె గట్టుకొని సోలాపురము, భివండి, బొంబాయి మిల్లులకు వలసపోయెను. వారి బ్రదుకు నిట్లు మార్చినవారెవరో వారికి తెలియదు. మార్చినవారికి వీరి యూళ్ల పేర్లు తెలియవు. ద్వేషము లేకయే, ముఖమైనను చూడకయే, ఆరువేల మైళ్లు మించిన దూరమునుండి ఒకరి కూటిని మరియొకరు తీసికొనవచ్చునని ఆ కాలము లోకమునకు చూపినది.

ఇక బంతి సంగతి. 1850వ సంవత్సరపు ఫ్యాక్టరీ చట్టముచే ఇంగ్లండు నూలుమిల్లులు శనివారమునాడు మధ్యాహ్నము రెండుగంటలకు ఆగవలసివచ్చెను. ఆ పూటసెలవు లేకున్న లాంకషైరు ఫుట్‌బాలు లేదు. మావైపు నేతగాడు అమావాస్యనాడు మగ్గము దిగును. మిగిలిన దినములలో గుంటలోనే యుండును. మన పల్లెలలో ఫుట్‌బాలు ఏల వ్రేళ్లూనలేదని యడుగువారు మైదానముల కొరతను చెప్పుదురు. సెలవుపూట కొరత యంతకంటె పెద్దదని మా తలంపు.

రోవర్సు జట్టు 1875లో పుట్టెను. అప్పటికి ఆ యాట ధనికుల పాఠశాలలలో చదివిన దొరబిడ్డల చేతిలోనిది. 1883లో బ్లాక్‌బర్న్‌లోనే మరియొక జట్టు, ఒలింపికు అనునది, ఇంగ్లండు కప్పు ఆఖరిపోటీలో ఈటన్ పాఠశాల పూర్వవిద్యార్థుల జట్టును 2–1తో ఓడించెను. గెలిచినవారిలో నేతగాండ్రును, ఇనుపకార్ఖానా పనివాండ్రును గలరు. కప్పు ఉత్తరదేశపు పనివారికి దక్కుట అదియే మొదలు. పిమ్మట 1884 మొదలు మూడేండ్లు వరుసగా రోవర్సువారే దానిని గెలిచిరి. ఆ విధముగా ఆ మైదానము మిల్లుకూలివాని ఆత్మగౌరవమునకు నెలవైనది. వారమంతయు యజమాని గంటకు లోబడినవాడు శనివారపు సాయంకాలము ఇది నాదియని నోరార చెప్పుకొనదగినది అదియొక్కటే.

మిల్లులు నిలువలేదు. ప్రథమ మహాయుద్ధానంతరము జపాను పోటీయు, ఇచ్చటి మిల్లుల వృద్ధియు, విదేశవస్త్ర బహిష్కారమును గలసి లాంకషైరు వెన్ను విరిచినవి. 1931 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు బ్లాక్‌బర్న్ ప్రక్కనున్న డార్వెనుకు పోయి, పనిలేక యున్న కూలివారిని చూచెను. వారు కోపింపక జేజేలు పలికిరి. మిల్లు స్త్రీల నడుమ ఆయన నిలిచియున్న ఛాయాచిత్రమును పెక్కుమంది చూచియుందురు. మీ బాధ నాకు తెలియును, కాని మా దేశమున ఇంతకు మించిన లేమిలో కోట్లమంది యున్నారని ఆయన మృదువుగనే చెప్పెను. ఆ చిత్రము చూచినప్పుడెల్ల మాకు తోచునదొకటి గలదు. బట్ట నడుమనుండగా ఒకరినొకరు ఎరుగని రెండు పేదకులములు అచట ఒక్క గడియసేపు ముఖాముఖి నిలిచినవి.

మిల్లులు పోయినను జట్టు నిలిచెను. ఆ యూరనే పుట్టి ఉక్కువ్యాపారమున ధనము గడించిన జాక్ వాకరు దాని నాదుకొనగా, 1995లో అది దేశమంతటికిని మొదటిదయ్యెను. ఆయన 2000లో మరణించెను. 2010 నవంబరులో, తెలుగువాడగు బండ వాసుదేవరావు 1971లో స్థాపించిన కోళ్లపరిశ్రమ వెంకీస్‌కు వారసులగు సంతానము ఆ జట్టును సుమారు రెండుకోట్ల ముప్పది లక్షల పౌనులకు కొనిరి. వాసుదేవరావు 1996లోనే గతించినాడు. గ్రుడ్డును, కోడిమాంసమును సామాన్యుని యింటికి చేర్చినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆ వార్త విని మాబోటి తెలుగువారు కొందరు మీసము దువ్విన మాట దాచనేల? పంచెలమ్మినవాని పట్టణమున మనవాడు జెండా యెత్తెనని మేమును ఒకటి రెండు దినములు మురిసితిమి.

ఆ మురిపెము నిలువలేదు. కొన్న నెలలోపలనే అనుభవజ్ఞుడైన శిక్షకుని తొలగించిరి. ఆటగాండ్రు కోడిమాంసము తినుచున్నట్లు ప్రకటనచిత్రము తీసిరి. 2011 అక్టోబరు 1వ తేదీన జట్టు సొంతమైదానమున 0–4తో ఓడినది; ఆ వారముననే పుణె ప్రయాణము. లాంకషైరు అభిమానికి అది, ఇల్లు కాలుచుండగా పెండ్లివిందుకు పోయినట్లు తోచినది. పుణెలో మా శిష్యునికి అదే ఆట జన్మమున మరువరాని పండుగ. ఇరువురి మాటయు సత్యమే. కాని ఇరువురిలో నొక్కనినైనను సంప్రదించి చేసినది గాదు ఆ ప్రయాణము.

పరదేశపు జట్టు వచ్చిపోవుట యెల్లయెడల ఇంత పొడిగా ముగియునది గాదు. 1910లో ఇంగ్లండు కొరింథియను జట్టు బ్రెజిలు దేశమున సావోపాలోకు పోగా, దానిని మెచ్చిన రైలుకూలీలు ఐదుగురు సెప్టెంబరు 1వ తేదీన తమకొక జట్టును కట్టుకొని ఆ పేరే పెట్టిరి. ఆ కూలివారి కొరింథియన్సు జట్టు 2012లో యోకొహామాలో ఇంగ్లండువారి చెల్సీ జట్టును 1–0తో ఓడించి ప్రపంచవిజేత యయ్యెను. వేలకొలది జనులు సముద్రములు దాటి వచ్చి ఆ పోటీ చూచిరి. చూచినవారు మరునాడు ఆడువారైరి, జట్టు వారిదయ్యెను. పుణెలో బ్లాక్‌బర్న్‌తో ఆడిన జట్టో, కొద్ది యేండ్లకే అంతరించెను. దానికిని యజమానులే గాని ఊరు లేదు.

2012 మే 7వ తేదీన రోవర్సు సొంతమైదానమున 0–1తో ఓడి పైతరగతినుండి జారిపోయెను. ఆనాడు అభిమాను లెవరో జట్టుజెండా చుట్టిన కోడి నొకదానిని మైదానమున వదలిరి. ఇక్కడి పత్రికలలో అది వింతవార్తగా అచ్చయినది. మాకు నవ్వురాలేదు. పుణెలో కూర్చుండినవారు ఆ యూరివారిని ద్వేషించిరని మే మనము; వారికి ఆ యూరు తెలియదు, అంతియే. నూరేండ్లనాడు పంచె నేసిన మిల్లుదొరకు పోచంపల్లి తెలియనట్లే. ఈసారి పోయినది కూడు గాదు, శనివారపు సాయంకాలము. రెండింటిని సరితూచుట తప్పు. అయినను దూరము చేయు పని రెండుచోట్లను ఒక్కటే. యజమాని మనవాడైనంతమాత్రమున ఆ దూరము న్యాయమగునని మేము ఒప్పుకొనజాలము.

ఇదంతయు మా శిష్యునికి ముక్కలు ముక్కలుగా చెప్పితిమి. వాడు ఇంటికిపోయి తాతకు చెప్పెనట. ఒక ఆదివారము మేము ఆ వైపు పోయినప్పుడు ఆ వృద్ధుడు మగ్గపుగుంటలో నుండియే మమ్ము పలుకరించి, మనుమని చొక్కాయి తెప్పించి, అంచును వ్రేళ్లనడుమ నలిపి చూచెను.

"ఇది నూలు గాదు గద పంతులూ?"

కాదంటిమి. వెల యెంతయని మనుమని నడిగెను. వాడు చెప్పెను. ఆయన కొంతసేపు పెదవులు కదపుచు లెక్కవేసికొని, ముడులుగట్టి, రంగులద్ది, నేసిన చీరెకు తనకు ముట్టు కూలిని మాకు చెప్పి, చొక్కాయిని మడతపెట్టి వాని చేతికిచ్చి, మరల పలక నందుకొనెను.