మన ఫోన్ వెనక ఒక కాంగో అడవి

నేను కోడ్ రాసే రోజుల్లో ఒక లైబ్రరీ పెట్టుకుంటే దాని వెనక ఇంకో పది వచ్చేవి. ఫోన్ కూడా అంతే. మీ చేతిలో ఉన్నదాని వెనక ఏముందో ఈరోజు చూద్దాం.

ఫోన్ బోర్డు మీద బియ్యపు గింజ కన్నా చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటిలో కొన్నింటిని టాంటలం అనే లోహంతో చేస్తారు. తక్కువ చోటులో ఎక్కువ ఛార్జ్ పడుతుంది కాబట్టి. అది కోల్టాన్ అనే నల్లటి ఖనిజం నుంచి వస్తుంది.

కోల్టాన్ బాగా దొరికే తూర్పు కాంగోలోనే కహుజీ-బియేగా నేషనల్ పార్క్ ఉంది. 1970లో గొరిల్లాల కోసం పెట్టారు. 1980లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడుండే గ్రేవర్ గొరిల్లాలు తూర్పు కాంగో అడవుల్లో తప్ప ఇంకే అడవిలోనూ లేవు.

1994లో రువాండా మారణకాండ తర్వాత లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. 1996లో ఒక యుద్ధం, 1998లో ఇంకోటి. సరిగ్గా ఆ టైమ్‌లోనే ప్రపంచానికి మొబైల్ పిచ్చి పట్టుకుంది. 2000లో టాంటలం ధర కొన్ని నెలల్లోనే ఎన్నో రెట్లు పెరిగింది. కోల్టాన్ తీయడానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. పారతో తవ్వి, వాగులో మట్టి కడిగితే చాలు. దాంతో వేల మంది పార్క్‌లోకి వెళ్లారు. సాయుధ ముఠాలు వాళ్ల దగ్గర వసూళ్లు మొదలెట్టాయి.

గొరిల్లాలకి పెద్ద దెబ్బ తగిలింది వేట వల్ల. నడి అడవిలో క్యాంపు వేసుకున్నవాళ్లకి తిండి కావాలి కదా! గొరిల్లా పెద్ద జంతువు, ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. ఒక్కటి దొరికితే చాలామందికి సరిపోతుంది.

1990ల మధ్యలో ఇవి సుమారు 17,000 అని అంచనా. 2016లో వచ్చిన లెక్క 3,800. మరిన్ని అడవులు తిరిగి చూశాక 2021లో 6,800 అన్నారు. అయినా ముప్పు తీరలేదు.

మరి కాంగో కోల్టాన్ కొనడం మానేస్తే సరిపోతుందా? 2010లో అమెరికా డాడ్-ఫ్రాంక్ చట్టం తెచ్చింది. ఖనిజం ఎక్కడిదో కంపెనీలు ఆరా తీసి చెప్పాలి. చాలామంది ఈ తలనొప్పి ఎందుకులే అని అక్కడ కొనడమే ఆపేశారు. ముఠాలతో సంబంధం లేని కూలీల పొట్ట కూడా కొట్టినట్టయింది. పని పోయినవాడు బతకడానికి మళ్లీ అడవి వైపు చూడడా?

పాత ఫోన్ల నుంచి టాంటలం తిరిగి తీయడం చాలా కష్టం. అందుకే ఉన్న ఫోన్‌నే ఎక్కువ కాలం వాడటం మన చేతిలో ఉన్న పని. బ్యాటరీ వీక్ అయితే బ్యాటరీ మార్పించండి చాలు. మీ ఫోన్‌కి ఎన్నేళ్లు? కామెంట్‌లో చెప్పండి. నాదానికి నాలుగో ఏడు నడుస్తోంది.