చెవి ముందున్న మూలం

చెవికి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేది కింది దవడ కొసన ఉండే కీలు గుబ్బ. దవడ ఎదుగుదలలో ఆ గుబ్బ మీది మృదులాస్థికి పెద్ద పాత్ర ఉంది. యౌవనం దాటేసరికి రెండు వైపులా ఎదుగుదల ఆగిపోవాలి. కొందరికి ఒక వైపు ఆగదు. గడ్డం రెండో వైపుకి జరుగుతుంది, పై పళ్లూ కింది పళ్లూ కలవవు. ఒకవైపే నమలడం వల్ల వచ్చిందేమోనని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ఈలోగా ఏళ్లు గడిచిపోతాయి.

ఈ జబ్బును 1836లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ ఆడమ్స్ తొలిసారి వర్ణించాడంటారు. 1856లో కేంబ్రిడ్జ్ సర్జన్ జార్జ్ హంఫ్రీ పెరిగిన గుబ్బను కోసి తీసేశాడు. అప్పటికి ఈథర్ మత్తు వచ్చి పదేళ్లే. లిస్టర్ క్రిమినాశక పద్ధతికి ఇంకా 11 ఏళ్లుంది, ఎక్స్‌రేకి 39 ఏళ్లు. లోపలి ఎముకను చూసే సాధనమేదీ లేని రోజుల్లో ఆయన నేరుగా మూలానికే వెళ్లాడు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ ఆపరేషనే.

దవడను కోసి సరిచేసే విద్య మరో దారిలో ఎదిగింది. అమెరికాలో 1849లో హల్లిహెన్, 1897లో బ్లెయిర్ దవడ ఎముకను కోశారు. ఆ విద్యను మలుపు తిప్పినవాడు ఆస్ట్రియాలో పుట్టిన హ్యూగో ఓబ్వెగెసర్. ట్రౌనర్‌తో కలిసి 1957లో ప్రచురించిన పద్ధతిలో, నోటి లోపలినుంచే దవడ వెనక భాగాన్ని వెదురు బద్దలా నిలువునా రెండు పొరలుగా చీల్చారు. పొరలు ఒకదానిమీద ఒకటి జరుగుతాయి కాబట్టి పళ్లున్న భాగాన్ని కావలసిన చోటికి తేవచ్చు. ఎముకకు ఎముక వెడల్పుగా ఆనుతుంది కనక బాగా అతుక్కుంటుంది. ముఖం మీద మచ్చ పడదు. ఆయనే 1986లో మాకెక్‌తో కలిసి, దవడ ఒక పక్క సాగిపోవడం వేరు, ఆ పక్కంతా లావెక్కడం వేరు అని విడదీసి చెప్పాడు.

అయితే ఎదుగుదల ఆగకముందే దవడను సరిచేస్తే గడ్డం మళ్లీ ఒరిగే ప్రమాదముంది. అందుకే టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు ఎక్కించి స్కాన్ తీస్తారు. ఎముక చురుగ్గా ఎదిగేచోట ఆ మందు ఎక్కువగా చేరుతుంది. ఎదుగుతోందని తేలితే గుబ్బ పైభాగాన్ని కొద్ది మిల్లీమీటర్ల మేర తీసేస్తారు, హంఫ్రీ వెళ్లిన చోటికే వెళ్లి. ఆగిపోయి ఉంటే దవడను సరిచేస్తే చాలు.

మీ ఇంట్లో ఎవరి గడ్డమైనా ఏటేటా పక్కకు జరుగుతున్నట్టనిపిస్తే, నాలుగైదేళ్ల నాటి ఫొటోలు వెంటబెట్టుకుని దవడ సర్జన్‌ను కలవండి. మార్పు ఎంత వేగంగా జరిగిందో ఆయనకు ఆ ఫొటోలు చెబుతాయి.