నిడుగల్లు దుర్గం – దీపానికి నూనె



నిడుగల్లు అన్న పేరులోనే మన సరిహద్దు కథ ఉంది. నిడు అంటే పొడవైన, నిడుపైన. ఈ మాట తెలుగులోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది. కల్లు అంటే రాయి. ఇప్పుడు తెలుగువారికి కల్లు అనగానే ఈతచెట్టు గుర్తుకు వస్తుందేమో గానీ, గుంతకల్లులోనూ ఓరుగల్లులోనూ ఉన్నది రాయే.

పావగడ తాలూకాలోని ఈ కొండ మీది నుంచి పన్నెండు, పదమూడు శతాబ్దాలలో ఒక చోళ శాఖ పరిపాలించింది. వీరు తంజావూరు చోళులు కారు. కరికాలుని సంతతివారమనీ, ఒరయూరు పురవరాధీశ్వరులమనీ బిరుదులు చెప్పుకొన్నారు. క్రీ.శ. 575 ప్రాంతంలో కలమళ్ళలో తెలుగు శాసనం వేయించిన రేనాటి చోళులు కూడా కరికాలుని పేరే చెప్పుకొన్నారు. అయినా నిడుగల్లు వారి శాసనాలు కన్నడంలో ఉన్నాయి. వీరు కళ్యాణి చాళుక్యులకు సామంతులు. హొయసలులతో తరచు పోరాడేవారు. 1285లో హొయసల మూడవ నరసింహుడు స్వయంగా ఈ దుర్గం మీదికి దండెత్తి వచ్చాడు. తరువాత పాళెగాళ్ళ కాలం, ఆ పైన మైసూరు పాలన.

యుద్ధాల మాట అలా ఉంచండి. నేను మీకు చెప్పదలచుకొన్నది నూనె గురించి.

1232లో ఈ కొండ మీద ఇరుంగోళ చోళుని కాలంలో గంగేయన మారెయ అనే ఆయన పార్శ్వనాథ బసదిని నిలబెట్టాడు. రాజు దానికి భూమి ఇచ్చాడు. ఆ రోజులలో గుడి కట్టించినవారు, దానికి రేపు దీపం ఎలా వెలుగుతుందో కూడా అక్కడే రాయించేవారు. ఆ కాలపు శాసనాలు చదివితే ఫలానా చేను, దాని నాలుగు ఎల్లలు, ఫలానా గానుగ నుంచి ఇంత నూనె అని లెక్కలు కనబడతాయి. అంటే నిర్వహణ ఖర్చు కూడా రాతి మీదికి ఎక్కేది.

ఈ భూములు చాలాకాలం ఇనాములుగా నడిచాయి. 1955లో మైసూరు రాష్ట్రం మత, ధర్మ సంస్థల ఇనాములను రద్దు చేసే చట్టం చేసింది. పొలం పోయిన దేవాలయానికి బదులుగా ఏటా కొంత రొక్కం కట్టి ఇచ్చారు. దానినే తస్తీకు అంటాం. మన పల్లె పూజారులకు ఈ మాట బాగా తెలుసు. సరే, పూజ ఉన్న గుడికి తస్తీకు ఉంది. పూజ ఆగిన బసదికి, కూలిన బురుజుకు, మెట్ల పక్కన పడి ఉన్న శాసనానికి ఏముంది?

ఇక్కడ సర్కారు చేసిన మంచిని కూడా చెప్పాలి. మైసూరు ప్రభుత్వ ఖర్చుతో బి.ఎల్. రైస్ ఊరూరా శాసనాలకు నకళ్ళు తీయించి, తుమకూరు జిల్లా సంపుటాన్ని 1904లో అచ్చు వేయించాడు. నిడుగల్లు రాజుల పేర్లు మనకు ఈనాడు తెలుస్తున్నాయంటే ఆ ఖర్చు పుణ్యమే.

చదివించడానికి డబ్బు దొరికింది గానీ, కాపలాకు ఎప్పుడూ కొరతే. దేశంలో కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలు సుమారు 3,700. వాటికి ఏడు వేల మంది కాపలాదారులు కావలసి ఉండగా, నిధులు చాలక 248 చోట్ల 2,578 మందిని మాత్రమే పెట్టగలిగామని సర్కారు చెప్పినట్టు 2022లో ఒక పార్లమెంటు సంఘం నివేదించింది. ఢిల్లీ జాబితాలో ఉన్నవాటికే ఈ గతి అయితే, జాబితాకు ఎక్కనివాటి సంగతి మీరే ఊహించండి. నిధి దొరుకుతుందని రాత్రిపూట గడ్డపారలతో కోటలెక్కేవాళ్ళు మన రెండు రాష్ట్రాలలోనూ ఉన్నారు.

నిడుగల్లు చోళులకు హెంజేరు కూడా రాజధానిగా ఉండేది. అదే నేటి హేమావతి, అంతకు మునుపు నొళంబుల రాజధాని. ఇప్పుడది ఆంధ్రలో, అమరాపురం మండలంలో ఉంది. అక్కడి ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. అక్కడి నొళంబ శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. ఒక వంశం కథ చదవాలంటే మూడు రాష్ట్రాలు తిరగాలి! సరిహద్దు ప్రాంతాల కోసం కర్ణాటక 2010లో ఒక ప్రాధికారం చట్టం చేసింది. కన్నడ బడులకు, సంస్కృతికి పొరుగు రాష్ట్రాలలో కూడా దాని నుంచి సాయం అందుతుంది. మంచిదే. భాషకు ఎల్ల దాటి డబ్బు వెళ్ళగలిగినప్పుడు, ఉమ్మడి రాళ్ళకు ఎందుకు వెళ్ళకూడదు? నిడుగల్లు, హేమావతి రెంటికీ కలిపి ఒక సర్వే చేయిస్తే ఏ రాష్ట్రానికీ నష్టం లేదు.

ఇంకొక మాట. ఉత్సవాలంటే నాకు వ్యతిరేకత లేదు. 2018లో లేపాక్షి ఉత్సవాలు జరిగితే మన వైపు నుంచి కూడా జనం వెళ్ళారు. కానీ వేదికా, దీపాల తోరణాలూ రెండు మూడు రోజులు. కావలివాడు మూడు వందల అరవై ఐదు రోజులు. ఉన్నది కొద్దిపాటి డబ్బే అయితే ముందు కావలివాడికి జీతం, తరువాత ముళ్ళకంచె, ఆ తరువాతే పందిరి అంటాను నేను. ఈ వరుస మీకు నచ్చకపోతే గ్రామసభలో లేచి చెప్పండి. నచ్చితే కూడా అక్కడే చెప్పండి. అడగని ఊరికి అంచనా పత్రం కదలదు.

అంతవరకు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మీ పొలం గట్టున అక్షరాలున్న రాయి ఉంటే కదిలించకండి. సున్నం పూయకండి, కల్లంలో పరవకండి. ఒక ఫొటో తీయించి కర్ణాటకలో అయితే పంచాయతీ పి.డి.ఓ.కు, ఆంధ్రలో అయితే పంచాయతీ కార్యాలయంలో అర్జీతో పాటు ఇచ్చి రసీదు తీసుకోండి. లిపి ఏదో తేలకపోతే ఖాళీ వదిలేయండి. ఆనాటి రాతి మీద ఇది తెలుగు అక్షరం, ఇది కన్నడ అక్షరం అని విడదీయడం, రెండు భాషలూ చెప్పే పంతుళ్ళకే కష్టం.