సృష్టిగాథలు: ప్రశ్న యొక్కటి, సమాధానములు పెక్కు

ఈ జగత్తు ఎట్లు పుట్టినది? దీనికి మునుపేమి యుండెను? దీనిని పుట్టించినవా డెవడు? ఈ ప్రశ్నయెదుట, వేసవిరాత్రి ఆరుబయట మంచముపై పరుండి చుక్కలను జూచు పసివాడును, వేదాంతము చదివిన పండితుడును సమానులే. మన దేశమున దీనికి వచ్చిన సమాధానములు ఒకటి గావు, రెండు గావు. వేదములయందు కొన్ని, బ్రాహ్మణములయందు కొన్ని, ఉపనిషత్తులయందు కొన్ని, పదునెనిమిది పురాణములయందు మఱికొన్ని గలవు. పైపైని జూచువారికి అవి యొకదానితో నొకటి పొసగవు.

ఈ పొసగమి రెండు విధములైన మాటలకు తావిచ్చుచున్నది. "ఇన్ని రీతులుగా చెప్పినవారికి నిజము తెలియదు, ఇవన్నియు కట్టుకథలే" యని యువకులు కొందఱు త్రోసిపుచ్చుదురు. "పురాణమును ప్రశ్నింపరాదు, విని నమ్మవలయును" అని పెద్దలు కొందఱు వారి నోరు మూయింతురు. ఈ రెండు తెగలవారును మన గ్రంథాలయమునకు వచ్చువారే. కావున రజతోత్సవ సంచికలో ఇరువురికిని ఒక్క మాట విన్నవింప సాహసించుచున్నాను. నేను గురుముఖమున శాస్త్రము చదివినవాడను గాను. గ్రామపు లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడను. పుస్తకములే నాకు గురువులు.

లెక్కలవాని కొక సంగతి తెలియును. ఒకే భూమికి అడంగలులో నొక వివరము, పటములో నొక వివరము, దానిని దున్ను రైతు నోట వేఱొక వివరము నుండును. అడంగలు పంటను జెప్పును, పటము హద్దులను జెప్పును, రైతు నేల గుణమును జెప్పును. మూడును వేఱైనంతమాత్రమున ఒకటి నిజము, రెండు అబద్ధములు అనరాదు. అడిగిన సంగతి వేఱు గనుక చెప్పిన సంగతియు వేఱు. సృష్టిగాథలను గూడ నిట్లే చదువవలెనని నా మనవి.

ముందుగా ఋగ్వేదమును జూతము. పది మండలములు, 1028 సూక్తములు గల యీ వేదము మూడువేల యేండ్లకు పైబడిన ప్రాచీనత గలది. దాని పదియవ మండలములోని 129వ సూక్తమునకు నాసదీయ మని పేరు. ఇందు ఏడే ఋక్కులు. సృష్టికి ముందటి స్థితిని ఋషి వర్ణింపబూని, దానిని ఉన్న దనుటకును వీలులేదు, లేదనుటకును వీలులేదు అని మొదలిడును. చావును లేదు, చావులేమియు లేదు. పగటికి రాత్రికి భేదము లేదు. అట్టి గాఢాంధకారమున ఒక్క తత్త్వము తపోబలముచే మేల్కొనుటయు, దానియందు తొలుత కోరిక మొలకెత్తుటయు చెప్పి, ఆ ఋషి యాగిపోవును. దేవతలు సైతము సృష్టికి తరువాతివారే గనుక దీని పుట్టుక చెప్పగల సాక్షి యెవడని ప్రశ్నించును. సర్వాధ్యక్షుడైన వానికైనను ఇది తెలియునో తెలియదో యను సందేహముతోడనే సూక్తము ముగియును. ఈ సందేహము వేదనిందకుల వ్రాతలలోనిది గాదు, వేదములోనిదే. 14వ శతాబ్దమున విజయనగరమున బుక్కరాయల ప్రాపున వేదభాష్యము వెలయించిన సాయణాచార్యులు ఈ సూక్తమును విడువక భాష్యము వ్రాసిరి. అడుగుట తప్పని వా రెన్నడును తలంపలేదు.

అదే మండలమున 121వ సూక్తము హిరణ్యగర్భుని గూర్చినది. బంగారుగర్భమునుండి పుట్టి సర్వభూతములకు ఒక్కడే పతియైనవానిని స్తుతించుచు, ఏ దేవునికి మేము హవిస్సు నర్పింతుమని ఋషి తొమ్మిది ఋక్కులందు అడుగును. పదియవ ఋక్కున గాని ప్రజాపతి యను పేరు రాదు. తరువాతివారు చేసిన పని మఱింత వింతయైనది. సంస్కృతమున 'కః' యనగా 'ఎవడు' అని యర్థము. ఆ ప్రశ్నార్థక పదమునే వారు ప్రజాపతికి నామధేయముగా జేసిరి. ప్రశ్నయే దేవుని పేరైనది! ఇట్టి జాతివారము మనము ప్రశ్నకు భయపడనేల?

81వ సూక్తమున విశ్వకర్మను గూర్చి వేఱొక ఋషి వడ్రంగి యడుగదగిన ప్రశ్న నడిగెను. ద్యావాపృథివులను చెక్కుటకు ఏ యడవినుండి, ఏ చెట్టునుండి మ్రాను తెచ్చిరి? నిలువబడుటకు తావెక్కడ దొరకినది? ఆలోచించి చూడుడు. ఒకరికి సృష్టి గర్భమువలె తోచినది. ఒకరికి వడ్రంగిపనివలె తోచినది. తమ కండ్లయెదుట కొత్తది పుట్టుటను ఎక్కడెక్కడ జూచిరో, అక్కడనుండియే వారు ఉపమానమును గ్రహించిరి.

బ్రాహ్మణగ్రంథములలో ఈ హిరణ్యగర్భమే కథగా విస్తరించినది. మొదట నంతయు నీరే. ఆ నీటిపై బంగారుగ్రుడ్డు ఒక సంవత్సరము తేలుచుండగా దానినుండి ప్రజాపతి పుట్టె నని శతపథబ్రాహ్మణము చెప్పుచున్నది. పుట్టినవాడు మఱొక సంవత్సరము గడచిన పిమ్మట మాటాడ యత్నించి 'భూః' అనగా భూమియు, 'భువః' అనగా అంతరిక్షమును, 'సువః' అనగా ద్యులోకమును ఏర్పడినవి. అందుచేతనే నేటికిని శిశువు ఏడాది నిండినప్పుడు మాటలాడ యత్నించునని ఆ గ్రంథకర్త ముక్తాయించెను. తొట్టెలోని బిడ్డను జూచి జగత్పితను ఊహించిన యీ ఋషి మన యింటివాడుగా తోచుటలేదా?

ఉపనిషత్తులు బయటి కథనుండి లోనికి మఱలినవి. బృహదారణ్యకమున ఆదిపురుషుడు ఏకాకియై మొదట భయపడెను. రెండవవాడు లేనప్పుడు ఎవరివలన భయమని తనకుతాను ధైర్యము చెప్పుకొనెను. భయము పోయినను ఒంటరితనమున ఆనందము లేకపోయెను. అప్పుడతడు తన్ను రెండుగా విభజించుకొని దంపతులాయెను. ఛాందోగ్యమున ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతునకు ఈ సంగతినే వేఱొక త్రోవను బోధించెను. మఱ్ఱిపండును విఱుగగొట్టి విత్తును, విత్తును విఱుగగొట్టి కంటికి కానరాని సూక్ష్మమును చూపి, ఇంతటి మహావృక్షము దానినుండియే వచ్చినదని చెప్పెను. ఒకటి "ఎందులకు సృష్టి?" అను ప్రశ్నకు సమాధానము, రెండవది "దేనినుండి సృష్టి?" అను ప్రశ్నకు సమాధానము. రెంటికిని కలహము లేదు.

ఇక దేవతల గాథలు. ఇవి కాలక్రమమున పెరిగిన తీరును తెలియుటకు వరాహగాథ మంచి నిదర్శనము. తైత్తిరీయసంహితయందు ప్రజాపతి వాయువై నీటిపై సంచరించి, భూమిని గాంచి, వరాహమై దానిని పైకెత్తెను. శతపథబ్రాహ్మణమున అప్పటికి భూమి జానెడు మాత్రమే. దానిని ఎత్తిన వరాహమునకు ఏమూషుడని పేరు. వాల్మీకిరామాయణము అయోధ్యాకాండలో వసిష్ఠుడు రామునకు చెప్పిన కథయందు బ్రహ్మయే వరాహమాయెను. విష్ణుపురాణ భాగవతములనాటికి అది విష్ణువుయొక్క యవతారమైనది. భాగవతమున ఆ వరాహము బ్రహ్మ నాసికనుండి అంగుష్ఠమాత్రముగా వెలువడి, చూచుచుండగనే కొండంత పెరుగును. పోతన తృతీయస్కంధమును చదివిన మన కందఱకు ఈ కథ పరిచితమే. తిరుమల ఆదివరాహక్షేత్రమని ప్రసిద్ధి కెక్కినది. పుష్కరిణి యొడ్డున వరాహస్వామిని సేవించి యనంతరము శ్రీనివాసుని దర్శించుట యాచారము. సింహాచలమున వెలసిన స్వామియు వరాహనరసింహుడే.

మత్స్యగాథయు నిట్టిదే. శతపథమున మనువును ప్రళయజలమునుండి కాపాడిన చేప ఏ దేవతయో చెప్పబడలేదు. భారతమున అది తాను బ్రహ్మనని తెలిపినది. మత్స్యపురాణమున విష్ణువైనది. పట్టా చేతులు మాఱినను నేల మాఱదు. నీట మునిగినదానిని పైకెత్తు కరుణ యొకటి కలదను నమ్మకమే యీ గాథలకు నేల. ఆ కరుణకు ఒక్కొక్క కాలమువారు తమకు ప్రియమైన పేరు పెట్టుకొనిరి.

సర్గము, ప్రతిసర్గము, వంశము, మన్వంతరము, వంశానుచరితము అను నైదును పురాణలక్షణములుగా చెప్పుదురు. వీనిలో మొదటి రెండును సృష్టి ప్రళయములే. విష్ణుపురాణమున సర్వమునకు మూలము విష్ణువు. లింగపురాణమున ఆద్యంతములు లేని జ్యోతిర్లింగము వెలయగా, బ్రహ్మ హంసయై మీదికిని, విష్ణువు వరాహమై క్రిందికిని పోయి అంతు గనలేకపోయిరి. 14వ శతాబ్దమున మారన తెనిగించిన మార్కండేయపురాణమున, దేవీమాహాత్మ్య భాగమునందు, యోగనిద్రారూపిణియైన దేవి తొలగినగాని విష్ణువు మేల్కొని మధుకైటభులను జంపజాలడు. ఈ భేదములను పూర్వులు గమనింపక పోలేదు. ఒక కల్పమున నొకవిధముగను, వేఱొక కల్పమున వేఱొకవిధముగను సృష్టి జరిగినదని 'కల్పభేద' మను సమాధానమును జెప్పుకొనిరి. శివభక్తుని గ్రంథమును విష్ణుభక్తుడు తగులబెట్టవలసిన పనిలేకుండ రెంటికిని చోటు చూపిన నేర్పిది.

కల్పమనగానే నా వృత్తికి సంబంధించిన లెక్క వచ్చినది. కలియుగము 4,32,000 సంవత్సరములు. దానికి రెట్టింపు ద్వాపరము 8,64,000. మూడురెట్లు త్రేత 12,96,000. నాలుగురెట్లు కృతము 17,28,000. మొత్తము మహాయుగము 43,20,000. వేయి మహాయుగములు బ్రహ్మకు పగలు, అదియే కల్పము. అనగా 432 కోట్ల సంవత్సరములు. ఒక్కొక్క మన్వంతరమునకు 71 మహాయుగముల చొప్పున 14 మన్వంతరములకు 994 మాత్రమే యగుచున్నవి. తక్కిన ఆఱును ఎక్కడివి? మన్వంతరముల సంధులు పదునైదు. ఒక్కొక్కటి కృతయుగ ప్రమాణము. పదునైదు కృతయుగములు సరిగా ఆఱు మహాయుగములు. సూర్యసిద్ధాంతములోని యీ పద్దు కాసు భేదములేక సరిపోయినది.

1956లో క్లేర్ ప్యాటర్‌సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఉల్కాశిలలలోని సీసమును పరీక్షించి భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరములని తేల్చెను. దీనిని 432 కోట్లతో పోల్చి, మన ఋషులు ముందే కనుగొని రని కొందఱు పొంగిపోవుదురు. ఆ పోలిక చెల్లదు. 432 కోట్లు కల్పముయొక్క పూర్తి యాయుర్దాయము. జరిగిన కాలము గాదు. ఆఱు మన్వంతరములు, ఏడు సంధులు, ఏడవ మన్వంతరమున 27 మహాయుగములు, పైని మూడు యుగములు, కలిలో గడచిన ఐదువేల పైచిలుకు సంవత్సరములు కూడిన, ఆ లెక్క ప్రకారమే ఇప్పటికి గడచినది సుమారు 197 కోట్లు. మొత్తపు పద్దును జరిగిన పద్దుగా చూపుట లెక్కకు ద్రోహము. మన పూర్వులకు గౌరవమును గాదు. వారి గొప్ప వేఱొకచోట నున్నది. నూఱేండ్లు బ్రదుకు మనుజుడు కోట్ల సంవత్సరములను ఊహింప సాహసించుటయు, సంకల్పము చెప్పుకొనునప్పుడెల్ల అంతటి కాలములో తన స్థాన మెంత స్వల్పమో స్మరించుకొనుటయు గొప్ప గాదా?

చివరగా ఒక్క గాథను గూర్చి నిర్భయముగా మాటాడవలసియున్నది. అది పురుషసూక్తము, పదియవ మండలమున 90వది. సహస్రశిరస్సులు గల పురుషుని దేవతలు యజ్ఞమున అర్పింపగా, అతని మనస్సునుండి చంద్రుడు, కంటినుండి సూర్యుడు, ప్రాణమునుండి వాయువు పుట్టిరని యందు గలదు. ముఖ బాహు ఊరు పాదములతో నాలుగు వర్ణములకు సంబంధము చెప్పు ఋక్కును అందే గలదు. ఆ ఒక్క ఋక్కును జూపి, పాదములనుండి పుట్టినవారు తక్కువవా రని శతాబ్దములు చెప్పిరి; అక్షరమునకే వారిని దూరము చేసిరి. చెప్పినవారు రెండు ఋక్కులు ముందుకు చదువవలసియుండెను. అక్కడ అదే పురుషుని పాదములనుండియే భూమి పుట్టినదని యున్నది. భూమి నీచమైనదని పలుకు సాహసము ఎవరికి గలదు? మన పంటయు, ఇల్లును, కడకు బూడిదయు దానిపైననే కదా! బృహదారణ్యకము ఇంకొక యడుగు ముందుకు వేసి, శూద్రవర్ణమును పూషదేవతగా జెప్పి, సర్వమును పోషించునది గనుక ఈ భూమియే పూష యని వివరించినది. ఒకే దేహమున పుట్టినవారిలో ఒకరు మఱొకరిని అంటరాదనుట ఆ గాథకు అర్థము గాజాలదు.

యువకులారా, ఈ కథలను త్రోసివేయుటకు ముందు చదువుడు. అవి భూగర్భశాస్త్రము గావు. తామెవరో, తమ చుట్టునున్న లోకమేమో తెలిసికొనగోరిన మనుజుల మాటలు. పెద్దలారా, పిల్లవాడు "దేవుని నెవరు పుట్టించిరి?" అని యడిగినప్పుడు గద్దింపకుడు. వాడు నాసదీయఋషి యడిగినదానినే యడుగుచున్నాడు. వానికి సమాధానము తెలియనిచో "చూతము రమ్ము" అని చేయిపట్టుకొని గ్రంథాలయమునకు కొనిరండు. ఇచట శైవమును వైష్ణవమును, పురాణమును విజ్ఞానశాస్త్రమును ఒకే బీరువాలో ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి. ఇరువదియైదేండ్లలో వానిలో నేదియు మఱొకదానిని క్రిందికి త్రోయలేదు.